ఫైబ్రోమయాల్జియా ఉన్నా సదరం సర్టిఫికెట్ ఇలా వచ్చింది

ఒళ్ళంతా నొప్పులు, నిద్ర ఉండదు. రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు మాత్రం నార్మల్. ఫైబ్రోమయాల్జియాతో వచ్చిన చిక్కే ఇది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో దాని పేరు లేదు. ఆ జబ్బు కాగితాలతో వెళ్తే సదరంలో, అంటే వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే వైద్య శిబిరంలో, తిప్పి పంపారు.

నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్ళవాతం) కూడా ఉంది. ఈసారి దాన్నే ముందు పెట్టాను. వైకల్య శాతం లెక్కకట్టేది కీళ్ళ కదలిక, కండరాల బలం చూసే కాబట్టి, వేళ్ళు ఎంత వంగుతున్నాయి, మణికట్టు ఎంత తిరుగుతోంది, పిడికిలి పట్టు ఎంత, అన్నీ డాక్టరు చేత కొలిపించి రాయించుకున్నాను. గాజువాకలో మా వార్డు సచివాలయంలో మళ్ళీ స్లాట్ బుక్ చేశారు. ఆ పొద్దున మందు మానేసి వెళ్ళమని పక్కింటి పిన్నిగారి సలహా. నేను వినలేదు, క్యూలో నిలబడాలి కదా!

పెన్షన్‌కి కావాల్సిన 40 శాతం దాటింది. దరఖాస్తు ఇచ్చేశాను.