నాన్న అప్రెంటిస్ రోజుల కబుర్లు పోకుండా రాసిపెట్టుకోవడం ఎలా

మా నాన్న ఫిట్టర్, ఇనుప ముక్కల్ని కొలతకి అరగదీసి బిగించే పని. విశాఖ గాజువాకలో మా వీధిలో సగం ఇళ్ళల్లో ఒక ఫిట్టరో వెల్డరో టర్నరో ఉండేవారు, షిప్‌యార్డు, పోర్టు, రిఫైనరీ, జింకు, స్టీల్‌ప్లాంటు, పొద్దున్నే ఎవరి సైకిలు వాళ్ళ గేటు వైపు వెళ్ళిపోయేది. వాళ్ళంతా ఇప్పుడు 70 దాటేశారు. ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు, వాళ్ళు పని ఎలా నేర్చుకున్నారో ఆ కబుర్లు కూడా వాళ్ళతోనే పోతున్నాయి. రెండేళ్ళుగా నేను ఆదివారాలు నాన్న దగ్గర కూర్చుని ఆయన అప్రెంటిస్ రోజులు రికార్డు చేసి రాసుకుంటున్నా. మీ ఇంట్లో కూడా అలాంటి పెద్దాయన ఉంటే ఎలా మొదలుపెట్టాలో చెప్తా.

ముందు, "అప్పట్లో ఎలా ఉండేది నాన్నా" అని మాత్రం అడక్కండి. నేను అదే అడిగాను. "ఏటుంటాదమ్మా, ఎల్లేవోళ్ళం, సేసేవోళ్ళం, వచ్చేసేవోళ్ళం" అని మళ్ళీ పేపర్‌లో తల పెట్టేశారు. మూడు వారాలు అదే సమాధానం. నాలుగో వారం ఏదో వెతుకుతూ అటక మీంచి ఆయన టూల్ బాక్స్ దింపాను, మూత తీసి ఒక ఆకురాయి చేతికిచ్చి ఇదేంటి నాన్నా అన్నా. అంతే, గంటంపావు ఆపలేదు.

కాబట్టి ప్రశ్నల లిస్టు కాదు, పనిముట్లు ముందు పెట్టుకోండి. చేతిలో వస్తువు పడితే చెయ్యే మాట్లాడుతుంది. ఆ రోజు నాన్న ఆ 12 అంగుళాల బాస్టర్డ్ ఫైలు, అదే ఆ ముతక పళ్ళ ఆకురాయి, పట్టుకుని లేచి నుంచుని, వరండా గట్టునే బెంచ్ వైస్ (ఇనుప ముక్కని బిగించి పట్టుకునేది) అనుకుని, ఎడం కాలు ముందుకేసి చూపించారు. వైస్ మోచేతి ఎత్తులో ఉండాలంట. ఫైలు ముందుకి తోసేటప్పుడే కోస్తుంది, వెనక్కి లాగేటప్పుడు ఒత్తిడి తియ్యాలి, లేకపోతే పళ్ళు చచ్చిపోతాయి. పళ్ళ మధ్య రజను ఇరుక్కుంటే జాబ్ మీద, అంటే రాస్తున్న ముక్క మీద, గీతలు పడతాయని ముందే సుద్దముక్క రుద్దుకునేవారంట. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు ఊగుతూ తోస్తారు కాబట్టి ముక్క మధ్యలో పొట్టలాగా ఎత్తు మిగిలిపోతుంది, ఆయనకి నెల పైన అదే వచ్చిందంట. పని నేర్పిన పెద్ద మేస్త్రి ట్రై స్క్వేర్ (మూలమట్టం) ఆ ముక్కకి ఆనించి ట్యూబ్‌లైటుకి ఎదురుగా పట్టి చూసేవారు, సందులోంచి వెలుతురు కనబడితే ఒక్క మాట కూడా అనకుండా ముక్క తిరిగి చేతిలో పెట్టేసేవారు. నాన్న అది చెప్తూ తన రెండు వేళ్ళ మధ్య సందు పెట్టి వీధి లైటు వైపు చూశారు, 70 ఏళ్ళాయన మొహంలో 18 ఏళ్ళ భయం నాకు కనబడింది.

ఇలాంటప్పుడు ఒట్టి ఆడియో చాలదు. చేతుల వీడియో తియ్యండి, మొహం కన్నా చేతులు ముఖ్యం. ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఒక పుస్తకానికి ఆనించి వదిలేయండి, పట్టుకుని కూర్చుంటే పెద్దవాళ్ళు బిగుసుకుపోతారు. ఫ్యాన్ ఆపండి, విశాఖ ఉక్కపోతలో కష్టమే కానీ ఆ గాలి చప్పుడు మాట మొత్తం మింగేస్తుంది. భోజనం తర్వాత వద్దు, సాయంత్రం టీ తర్వాత బాగుంటుంది, 40 నిమిషాలు దాటనివ్వకండి, ఇంకా ఉందనగానే ఆపితే వచ్చే వారం ఆయనే పిలుస్తారు. రికార్డింగు ఫైలుకి ఆ రోజే పేరు పెట్టండి, తేదీ, ఏ కబురు అన్నది, లేకపోతే ఆరు నెలలకి 30 రికార్డింగుల్లో ఏది ఏదో తెలీదు. రెండు చోట్ల దాచండి. ఫొటోలు వాట్సాప్‌లో పంపితే క్వాలిటీ పడిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

సంవత్సరాల సంగతి. పెద్దవాళ్ళకి సంవత్సరాలు సరిగ్గా గుర్తుండవు, మధ్యలో ఆపి "అది 70 కాదు 72" అని దిద్దితే మాట తెగిపోతుంది, దిద్దొద్దు. ఊరంతటికీ తెలిసిన సంఘటనలకి ముడెయ్యండి. మన ఊళ్ళో అవి బోలెడు. 1966లో ఉక్కు ఉద్యమం జరిగినప్పుడు నువ్వు ఎన్నో క్లాసు అనడగండి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ స్టీల్‌ప్లాంటుకి శంకుస్థాపన చేసిన రోజు ఎక్కడున్నావు అనడగండి. నేను అలా అడిగితేనే, అప్పటికి ట్రైనింగ్‌లో చేరి ఇంకా ఏడాది కాలేదని తేలింది, ఆ తర్వాత ఆయన అప్రెంటిస్ సర్టిఫికెట్ తీసి చూస్తే సరిగ్గా సరిపోయింది. అప్రెంటిసెస్ చట్టం 1961లో వచ్చింది, ఐటీఐ అయ్యాక ఆ చట్టం కింద చేరినవాళ్ళకి ట్రేడ్ పరీక్ష, సర్టిఫికెట్ ఉంటాయి, కాబట్టి ట్రంకుపెట్టె అడుగున వెతకండి, దొరుకుతుంది. దాన్ని లామినేషన్ మాత్రం చేయించకండి, ఆ వేడికి, జిగురుకి పాత కాయితం పాడవుతుంది, మళ్ళీ తీయలేరు. ఫొటో తీసి, మడతపెట్టకుండా కవర్‌లో ఎత్తు మీద పెట్టండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫానుకి మా రేకులు లేచిపోయి నాన్న బ్యాచ్ ఫొటో నీళ్ళలో ముద్దయిపోయింది. అందులో 20 మంది కుర్రాళ్ళు ఉండేవారు, ఇప్పుడు ఒక్కళ్ళ మొహం కూడా మా దగ్గర లేదు. అదే నన్ను ఈ పనికి కూర్చోబెట్టింది.

తుప్పు పట్టిన పనిముట్లు ఉంటే గ్రైండింగ్ వీల్ మీద పెట్టకండి. కిరసనాయిల్లో ఒక రాత్రి నానబెట్టి గుడ్డతో తుడిచి పల్చగా నూనె రాయండి. దాని మీద గుద్దిన అక్షరాలే మీకు కావలసిన చరిత్ర. మా పెట్టెలో ఒక స్పానర్ మీద 1/2 అని, పక్కన ఇంగ్లీషు డబ్ల్యూ అక్షరం ఉంది, కానీ దాని నోరు కొలిస్తే 23 మిల్లీమీటర్ల పైనే వచ్చింది, అర అంగుళం అంటే 12.7 కదా, నాకు అర్థం కాలేదు. నాన్న చెప్పారు, అది విట్‌వర్త్ స్పానర్, ఆ నంబరు నట్టు వెడల్పు కాదు, బోల్టు లావు. మాంచెస్టర్‌లో వర్క్‌షాప్ నడిపిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మర, అంటే బోల్టు చుట్టూ తిరిగే గాడి, ఇలా ఉండాలని ఒక కొలత పెట్టాడు, మర కోణం 55 డిగ్రీలు. మెట్రిక్ మరకి 60. నాన్న చేరేనాటికి డ్రాయింగులు మిల్లీమీటర్లలోకి వచ్చేసినా పాత మిషన్లన్నీ అంగుళాలే, పాతవాళ్ళ నోట్లో ఇంకా నూళ్ళే, అంగుళానికి 8 నూళ్ళు. కుర్రాడు మూడూ నేర్చుకోవాలి. తప్పు నట్టు బలవంతంగా తిప్పి మర చెడగొట్టిన రోజు ఆ సాయంత్రం అన్నం తినలేదంట.

పెట్టెలోనే షెఫీల్డ్ అని గుద్దిన హ్యాక్‌సా (ఇనుము కోసే రంపం) ఫ్రేమ్ ఒకటి ఉంది, ఎక్లిప్స్ బ్రాండు. అది ఆ పెద్ద మేస్త్రి ఇచ్చింది. ఆయన 50ల్లో కుర్రతనంలో ట్రైనింగ్ కోసం ఇంగ్లండ్ వెళ్ళి షెఫీల్డ్‌లో ఉండొచ్చారు. ఆయన లేరు, కానీ ఆయన కబుర్లు మా నాన్న దగ్గరున్నాయి. అక్కడ 15, 16 ఏళ్ళకే పిల్లలు కాయితం మీద సంతకం పెట్టి చేరి 21 నిండేదాకా అప్రెంటిస్‌గానే ఉండేవారని, పగలు షాపు, రాత్రి నైట్ స్కూలని, గోడలన్నీ మసితో నల్లగా ఉండేవని చెప్పేవారంట. స్టెయిన్‌లెస్ స్టీలు పుట్టింది ఆ ఊళ్ళోనే అని గర్వంగా అనేవారంట, అది నిజమే, 1913లో హ్యారీ బ్రియర్లీ. చిన్న గది అద్దెకు తీసుకుని కత్తులు, చాకులు చేసుకునే పనివాళ్ళని అక్కడ లిటిల్ మెస్టర్ అంటారంట. మన మేస్త్రి పోర్చుగీసు మాటలోంచి వచ్చింది, వాళ్ళ మెస్టర్ ఇంగ్లీషు మాస్టర్, రెండింటి వేరూ లాటినే. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు పెద్ద మేస్త్రికి ఇంటికొచ్చినట్టు అనిపించిందంట.

ఇలా ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి వచ్చిన కబుర్లు వదిలెయ్యకండి, కానీ విడిగా రాయండి. నా నోట్‌బుక్‌లో ఎడం పేజీ నాన్న కళ్ళతో చూసినవి, కుడి పేజీ విన్నవి. తర్వాత చదివేవాళ్ళకి ఏది ఎవరిదో తెలియాలి.

ఇంకోటి, భాష దిద్దకండి. "నేదు", "ఏటి", "గుంటలం" అని ఆయన అంటే అలాగే రాయండి. నేను మొదట్లో "మేము కుర్రవాళ్ళము" అని రాసి చదివి వినిపిస్తే నాన్న మొహం చిన్నబోయింది, "ఇది నేను సెప్పింది కాదమ్మా" అన్నారు. ఆ 12 పేజీలు చింపేసి మళ్ళీ రాశా. పనిముట్ల పేర్లు కూడా ఆయన ఎలా పలికితే అలాగే.

బాధ కలిగించే సంగతులు వాటంతటవే రానివ్వండి. నాన్న ఎడం చూపుడువేలు చివర లేదు, నాకు ఊహ తెలిసినప్పటి నుంచి చూస్తున్నా, ఎప్పుడూ అడగలేదు. ఒక సాయంత్రం వెర్నియర్‌లో, అంటే సన్నటి కొలతలు తీసే పనిముట్టులో, 0.02 మిల్లీమీటర్లు ఎలా చదవాలో చూపిస్తూ ఆ వేలితోనే స్కేలు జరుపుతూ తనే మొదలుపెట్టారు. ఒక షాపులో, చెయ్యి పడకుండా అడ్డు రేకు (గార్డు) లేని మిషన్, నైట్ షిఫ్టు. కుట్లు వేయించుకుని ఇంటికొస్తే మా నాన్నమ్మ ఇక వెళ్ళొద్దని గుమ్మానికి అడ్డంగా కూర్చుందంట. నేను రికార్డింగ్ ఆపేశాను. ఆపమన్నారా అంటే లేదు, కానీ అది ఉంచాలో వద్దో ఆయన చెప్పాలి కదా. రెండు వారాల తర్వాత "అది కూడా రాయమ్మా" అన్నారు, రాశాను.

కాళ్ళు బాగుంటే ఒకసారి ఆ దారిలో తీసుకెళ్ళండి. మేము పొద్దున్నే ఆటోలో మల్కాపురం, సింధియా వైపు వెళ్ళాం. గేట్ల దగ్గర, నేవీ గోడల దగ్గర ఫొటోలు తీయకూడదు, ఫోను సంచిలో పెట్టేసి ఒట్టినే వినండి, ఇంటికి రాగానే రాసుకోండి. డాల్ఫిన్స్ నోస్ కొండ కనబడే చోట ఆటో ఆపించి, సైరన్ వినబడేలోపు సైకిలు ఎక్కడిదాకా రావాలో, ఎక్కడికి రాకపోతే ఆ రోజు లేటో వేలు పెట్టి చూపించారు. ఇంట్లో ఆర్నెల్లు అడిగినా రాని కబురు అది.

మా పనిలో ఇంకా లేత్ (ముక్కని తిప్పుతూ చెక్కే మిషన్) సెక్షన్ మొత్తం మిగిలుంది. నాన్న బ్యాచ్‌మేట్ ఒకాయన కంచరపాలెంలో ఉన్నారని మొన్నే తెలిసింది, టర్నర్, అంటే లేత్ మీద పనిచేసినాయన, చెవులు సరిగ్గా వినబడవంట. వచ్చే ఆదివారం ఇద్దర్నీ ఒక చోట కూర్చోబెడుతున్నా, హ్యాక్‌సా ఫ్రేమ్ కూడా పట్టుకెళ్తాను.