ఇంగ్లిష్ మాటల లోగుట్టు – 6వ పాఠం: కదలనిదీ ఫాస్టే, పరిగెత్తేదీ ఫాస్టే

ముందు పోయిన పాఠం హోంవర్క్ సంగతి చూద్దాం. 'స్వీట్‌మీట్'లో మాంసం ఉంటుందా అని అడిగాను. ఉండదు, అది మిఠాయి. పాత ఇంగ్లిష్‌లో 'మీట్' అంటే తినేది ఏదైనా సరే, తిండి. రానురాను మాంసానికి మాత్రమే మిగిలింది. మిఠాయి పేరులో పాత అర్థం అలాగే ఉండిపోయింది. మనకూ ఇలాంటిది ఉంది. రాముడు నారచీరలు కట్టుకుని అడవికి వెళ్లాడంటే ఎవరికీ నవ్వు రాదు. చీర అంటే ఒకప్పుడు ఆడా మగా ఎవరు కట్టుకున్నా బట్టే. తర్వాత చీర ఆడవాళ్లదైపోయింది, 'నారచీర' మాత్రం మారలేదు. వ్యాకరణం పుస్తకాల్లో దీన్ని అర్థసంకోచం అంటారు. ఆ పేరు మరిచిపోయినా ఫర్వాలేదు. జంట మాటల్లో పాత అర్థం దాక్కుని ఉంటుందన్న సంగతి గుర్తుంటే ఇవాళ్టి పాఠం సగం వచ్చేసినట్టే.

ఇవాళ్టి మాట 'ఫాస్ట్'. ఇది తెలియనిదెవరికి అంటారా? నాకూ తెలుసనే అనుకునేవాణ్ణి. ఇంటర్ రోజుల్లో కొత్త చొక్కా లేబుల్ మీద 'కలర్స్ ఆర్ ఫాస్ట్' అని చూసి, రంగు తొందరగా పోతుందని వాళ్లే ముందుగా ఒప్పేసుకున్నారనుకున్నాను. నెల రోజులు ఆ చొక్కాని విడిగా బకెట్లో నానబెట్టి ఉతుక్కున్నాను. అసలు సంగతి సరిగ్గా దానికి వ్యతిరేకం: రంగు గట్టిది, దిగదు అని.

ఈ మాట మొదటి అర్థం అదే: గట్టిగా, కదలకుండా. 'హోల్డ్ ఫాస్ట్' అంటే గట్టిగా పట్టుకో. 'ఫాస్ట్ ఫ్రెండ్స్' అంటే తొందరగా కలిసిపోయినవాళ్లు కాదు, విడదీయలేనంత గట్టి స్నేహితులు. బండి బురదలో 'స్టక్ ఫాస్ట్' అంటే ఇక కదిలేది లేదు. 'ఫాస్ట్ అస్లీప్' అంటే గాఢనిద్ర. దీన్ని 'త్వరగా నిద్రపోయాడు' అని రాసేవాళ్లున్నారు, జాగ్రత్త. సీటు బెల్టు పెట్టుకోమని చెప్పే 'ఫాసెన్' కూడా ఈ ఇంటిదే. పలికేటప్పుడు 'ట' వినపడదు కాబట్టి చుట్టరికం తెలియదు, స్పెల్లింగ్‌లో ఉంది చూడండి.

మరి కదలనిది పరుగు ఎలా అందుకుంది? దీనికి ఇంగ్లిష్ పుస్తకం అక్కర్లేదు, మన 'గట్టిగా' చాలు. తాడు గట్టిగా పట్టుకో అంటాం, కదలకుండా అని. గట్టిగా మాట్లాడు అంటే పెద్ద గొంతుతో. సైకిల్ గట్టిగా తొక్కరా, గేటు పడిపోతుంది అంటే? బలమంతా పెట్టి తొక్కమని. బలం పెడితే వచ్చేది వేగమే కదా! 'రన్ ఫాస్ట్' కూడా మొదట బలంగా, పట్టు సడలకుండా పరిగెత్తడమే. వినేవాడికి కనిపించేది మాత్రం వేగం. అలా వందల ఏళ్లు విని విని, వేగమే దాని అసలు అర్థమని స్థిరపడిపోయింది. మాటల అర్థాలు ఎక్కువగా మారేది ఇలాగే: చెప్పేవాడు ఒకటి అంటాడు, వినేవాడు దాని పక్కనున్నది పట్టుకుంటాడు.

ఉపవాసం 'ఫాస్ట్' కూడా వేరే మాట కాదు. చాలా డిక్షనరీలు దాన్ని విడిగా చూపిస్తాయి గానీ వేరు ఒకటే. నియమాన్ని గట్టిగా పట్టి ఉండటం. మనవాళ్లు నోము 'పట్టారు', దీక్ష 'పట్టారు' అనడం లేదూ! రాత్రంతా పట్టిన ఆ ఉపవాసాన్ని పొద్దున విరిస్తే 'బ్రేక్‌ఫస్ట్'.

'క్విక్' దారి ఇంకోటి. దాని మొదటి అర్థం ప్రాణం ఉన్నది. 1611 నాటి ఇంగ్లిష్ బైబిల్లో 'ది క్విక్ అండ్ ది డెడ్' అన్నచోట తెలుగు బైబిల్లో 'సజీవులకును మృతులకును' అని ఉంటుంది. పాదరసం 'క్విక్‌సిల్వర్', ప్రాణమున్నట్టు జారిపోయే వెండి. కడుపులో బిడ్డ కదలిక తల్లికి మొదటిసారి తెలియడాన్ని డాక్టర్లు ఇప్పటికీ 'క్విక్కెనింగ్' అనే అంటారు. ప్రాణం ఉంటే చురుకు, చురుకు ఉంటే వేగం. చివరికి రెండు మాటలూ ఒకే చోటికి చేరాయి, ఒకటి గట్టితనం నుంచి, ఒకటి ప్రాణం నుంచి.

ఇక మీరు చేయాల్సింది. 'ఫాస్ట్' కనిపించగానే తెలుగులోకి దూకకండి, ముందు పక్క మాట చూడండి. పట్టుకోవడం, నిలబడటం, అంటుకోవడం, కట్టడం లాంటి క్రియ ఉంటే గట్టితనం. వెళ్లడం, మాట్లాడటం, నడపడం ఉంటే వేగం. పరీక్షకు అర్థాలు పది బట్టీపట్టే కన్నా ఇది మేలు. అర్థం చెప్పేది పక్క మాటే. అనుమానం వస్తే 'గట్టిగా, కదలకుండా' అని పెట్టి చూడండి. వాక్యం నిలబడితే పాత అర్థం, తేడా కొడితే కొత్తది.

హోంవర్క్. కింది నాలుగింటినీ తెలుగులో చెప్పండి:

ది బోట్ వాజ్ మేడ్ ఫాస్ట్ టు ఎ పోస్ట్.
మై వాచ్ ఈజ్ టెన్ మినిట్స్ ఫాస్ట్.
షి స్టుడ్ ఫాస్ట్.
హి బిట్ హిజ్ నెయిల్స్ టు ది క్విక్.

నాలుగోది కొంచెం తిప్పలు పెడుతుంది. గోరు ఎక్కడిదాకా కొరికితే నొప్పి పుడుతుందో మీ వేలు చూసుకుంటే తెలుస్తుంది. వచ్చే పాఠం 'శాడ్' గురించి. ఒకప్పుడు దాని అర్థం కడుపు నిండినవాడు. అక్కడినుంచి దుఃఖం దాకా ఏ దారిన వచ్చి ఉంటుందో ఈలోగా ఊహించి రాసి పెట్టుకోండి.