ఐబీ డిప్లొమాలో ఆరు సబ్జెక్టులు ఎంచుకోవడం ఎలా?

ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) డిప్లొమాలో చేరేవాళ్లలో చాలామంది సబ్జెక్టుల ఫారాన్ని పైనుంచి కిందికి నింపుతారు. మొదటి గ్రూపులో నచ్చింది, రెండో గ్రూపులో తేలికైంది, మూడో గ్రూపులో స్నేహితులు తీసుకున్నది. ఆరో గడికి వచ్చేసరికి ఓపిక అయిపోయి ఏదో ఒకటి రాసి సంతకం పెట్టేస్తారు. చదవాలనుకున్న డిగ్రీకి కావలసిన సబ్జెక్టు తమ జాబితాలో లేదన్న సంగతి ఏడాది గడిచాక గానీ బయటపడదు. ఏళ్ల తరబడి పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఈ ఫారాలు నింపిస్తున్నాను. ఈ తప్పు లేని బ్యాచ్ ఇంతవరకు రాలేదు.

ఫారం నింపాల్సింది వెనకనుంచి. డిప్లొమా తర్వాత ఏం చదవాలన్నది ముందు తేల్చుకోవాలి. దాన్నిబట్టి హయ్యర్ లెవెల్ సబ్జెక్టులు (ఎక్కువ గంటలు, మరింత లోతుగా చదివేవి), ఆ మీదట మిగిలిన గడులు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

పెన్సిలు, రబ్బరు, ఒక తెల్ల కాగితం, మీ స్కూలు ఇచ్చిన సబ్జెక్టుల జాబితా, టైంటేబుల్ బ్లాకుల పట్టిక. పెన్నుతో మొదలుపెట్టకండి. ఐబీ వెబ్‌సైటులో కనిపించే ప్రతి సబ్జెక్టూ మీ స్కూల్లో ఉండదు. ఉన్నవాటిలోనూ ఒకే బ్లాకులో, అంటే ఒకే సమయంలో, పడ్డ రెండింటిని కలిపి తీసుకోలేరు. మార్కుల సగటులు వేసి రంగులు దిద్దిన ఎక్సెల్ షీట్లు తెచ్చేవాళ్లూ ఉంటారు. వాటిని మూసేయమంటాను. పాత మార్కులు గతంలో చదివిన పాఠాల గురించి చెబుతాయి, చదవబోయేవాటి గురించి కాదు.

1. చట్రం తెలుసుకోండి

ఇది పది నిమిషాల పని. 1968లో జెనీవాలో మొదలైన ఐబీ సంస్థ నడిపే ఈ డిప్లొమా రెండేళ్ల చదువు. ఆరు గ్రూపులు: భాషా సాహిత్యాలు, రెండో భాష, సామాజిక శాస్త్రాలు, విజ్ఞాన శాస్త్రాలు, గణితం, కళలు. మొత్తం ఆరు సబ్జెక్టులు. సాధారణంగా మూడు హయ్యర్ లెవెల్, మూడు స్టాండర్డ్ లెవెల్. ఒక్కోదానికి గరిష్ఠంగా 7 పాయింట్లు, అంటే 42. థియరీ ఆఫ్ నాలెడ్జ్ (తెలిసింది ఎలా తెలిసిందో ఆలోచింపజేసే కోర్సు), ఎక్స్‌టెండెడ్ ఎస్సే (సొంతంగా పరిశోధించి రాసే పెద్ద వ్యాసం) కలిపి మరో 3. మొత్తం 45. వీటితోపాటు సృజన, శారీరక శ్రమ, సేవ కలిసిన క్యాస్ కార్యక్రమం దాదాపు 18 నెలలు సాగుతుంది. దానికి పాయింట్లు లేవు, అయినా పూర్తిచేయకపోతే డిప్లొమా చేతికి రాదు.

2. గమ్యం రాసుకోండి

తెల్ల కాగితం మీద చదవాలనుకుంటున్న డిగ్రీ పేరు రాయండి. రెండు ఆశలుంటే రెండూ రాయండి. మూడో దానికి చోటు లేదు. ప్రతి దాని కింద నాలుగైదు విశ్వవిద్యాలయాలు అడిగే ఐబీ అర్హతలను వాటి సొంత వెబ్‌సైట్ల నుంచి చూసి రాసుకోండి. బంధువుల మాట, సీనియర్ల మాట వద్దు. సబ్జెక్టు పేరొక్కటే రాస్తే సరిపోదు. ఏ లెవెల్, ఎన్ని పాయింట్లు అన్నవి కూడా ఉండాలి. ‘కెమిస్ట్రీ కావాలి’ అని రాసుకొచ్చిన విద్యార్థిని వెనక్కి పంపేస్తాను. ‘కెమిస్ట్రీ, హయ్యర్ లెవెల్, 6’ అని ఉంటేనే ముందుకు వెళతాం.

ఏం చదవాలో ఇంకా తెలియనివాళ్లు, వద్దని కచ్చితంగా తెలిసినవాటిని రాసి కొట్టేయండి. ఆ కాగితమూ పనికొస్తుంది.

3. మూడు హయ్యర్ లెవెల్స్ తేల్చండి

చిక్కంతా ఇక్కడే ఉంది. తొందరపడకండి. ఈ ఒక్క మెట్టుకు వారం రోజులు తీసుకోండి.

హయ్యర్ లెవెల్‌కు ఐబీ సూచించే బోధన 240 గంటలు, స్టాండర్డ్‌కు 150. మూడూ మూడూ తీసుకుంటే రెండేళ్లలో 1,170 గంటల పాఠాలు. నిబంధనలు నాలుగు హయ్యర్ లెవెల్స్‌నూ అనుమతిస్తాయి. అప్పుడది 1,260 అవుతుంది. తరగతిలోనే 90 గంటలు పెరిగితే ఇంటిదగ్గర ఎంత పెరుగుతుందో ఊహించుకోండి. నాలుగో హయ్యర్‌కు విడిగా అదనపు పాయింట్లేమీ రావు. గమ్యం కాగితం మీద నాలుగు హయ్యర్లు అడిగిన విశ్వవిద్యాలయం ఉంటే తప్ప వద్దు. కొసరు కోసం అసలుకే ఎసరు పెట్టుకోవడం అది.

‘ఏదో ఒకటిలే, మొత్తం మీద పాయింట్లు వస్తే చాలు’ అనుకునేవాళ్లు ఈ లెక్క చూడాలి. ఒక విద్యార్థికి మూడు హయ్యర్లలో 4, 4, 3 వచ్చాయి. స్టాండర్డ్ సబ్జెక్టుల్లో 6, 6, 5. మొత్తం 28. డిప్లొమాకు కనీసం కావలసింది 24. అయినా ఈ విద్యార్థికి డిప్లొమా రాదు. మూడు హయ్యర్లు కలిపి కనీసం 12 ఉండాలన్నది నిబంధన, ఇక్కడున్నది 11. స్టాండర్డ్‌లో ఎంత బాగా రాసినా ఆ లోటు పూడదు. అందుకే హయ్యర్ మూడింటిలో ఒక్కటి కూడా ‘గొప్పగా ఉంటుంది కదా’ అని తీసుకున్నది కాకూడదు.

ఎంపికకు నా నియమం ఇది. మొదటి హయ్యర్ గమ్యం అడిగేది. రెండోది కూడా గమ్యం అడిగేదే, లేదా దానికి తోడుగా నిలిచేది. మూడోది మీరు బలవంతం లేకుండా కూర్చుని చదవగలిగేది. మూడూ ఒకే రకం శ్రమ అడిగేవైతే మళ్లీ ఆలోచించండి. హిస్టరీ, లిటరేచర్, ఫిలాసఫీ మూడూ హయ్యర్లో తీసుకుంటే రెండేళ్లూ వ్యాసాలు రాస్తూనే ఉంటారు. లిటరేచర్ హయ్యర్ ఒక్కదానికే 13 రచనలు చదవాలి, స్టాండర్డ్‌లో అయితే 9. మరోవైపు ఫిజిక్స్, కెమిస్ట్రీ, గణితం కలిపి తీసుకోవడాన్ని నేను తప్పు పట్టను. ఇంజినీరింగ్‌కు అది సహజమైన దారి. కానీ అందులో దేనికీ తేలిక వారం అంటూ ఉండదని ముందే ఒప్పుకుని దిగాలి.

ఇక గణితం. నేను చూసిన మార్పు అర్జీల్లో ఎక్కువ దీని చుట్టూ తిరిగేవే. 2019 నుంచి రెండే కోర్సులు బోధిస్తున్నారు: అనాలిసిస్ అండ్ అప్రోచెస్, అప్లికేషన్స్ అండ్ ఇంటర్‌ప్రెటేషన్. అందరూ ఏఏ, ఏఐ అంటారు. రెండూ రెండు లెవెల్స్‌లోనూ ఉంటాయి. అంతకుముందున్న మ్యాథ్స్ స్టడీస్, మ్యాథ్స్ స్టాండర్డ్, మ్యాథ్స్ హయ్యర్, ఫర్దర్ మ్యాథ్స్ అన్న నాలుగు కోర్సులు పోయాయి. అన్నలూ అక్కలూ ఇచ్చే సలహాలు చాలాసార్లు ఆ పాత కాలానివి. ‘ఏఐ అంటే పాత స్టడీసే, తేలిక’ అన్న మాట నమ్మి ఏఐ హయ్యర్‌లో చేరినవాళ్లకు మాత్రికలు, గ్రాఫ్ సిద్ధాంతం, అవకలన సమీకరణాలు ఎదురవుతాయి. అందులో తేలికేమీ లేదు.

తేడా తెలియాలంటే పాఠ్యప్రణాళిక చదవడం కంటే రెండు ప్రశ్నలు ముందు పెట్టుకోవడం మేలు. మొదటిది ఏఏ హయ్యర్ తరహాది: ఒకటితో మొదలుపెట్టి వరుసగా ఎన్ని బేసి సంఖ్యలు కూడినా వచ్చేది ఒక వర్గమేనని గణితానుగమనంతో నిరూపించండి. రెండోది ఏఐ తరహాది: పటం మీద నాలుగు ఊళ్లున్నాయి. ఏ చోటికి ఏ ఊరు దగ్గరో తెలిసేలా గీతలు గీసి, అన్ని ఊళ్లకూ వీలైనంత దూరంగా చెత్త పారబోసే స్థలం ఎక్కడుండాలో చెప్పండి. రెండింటికీ కలిపి నలభై నిమిషాలు. మొదటిదానికి క్యాలిక్యులేటర్ తీసి పక్కన పెట్టేయాలి. ఏఏలో మొదటి పేపరు దాన్ని అనుమతించదు, ఏఐలో అన్ని పేపర్లూ అనుమతిస్తాయి.

జవాబు వచ్చిందా లేదా అన్నది నాకు అనవసరం. మొదటి ప్రశ్న దగ్గర ఆగిపోయినప్పుడు కాగితం తిప్పి మరోలా మొదలుపెడుతున్నారా, లేక ‘ఇది నిరూపించి ఏం చేయాలి?’ అని అడుగుతున్నారా అన్నది చూస్తాను. తిరిగి మొదలుపెట్టేవాళ్లది ఏఏ. ఆ ప్రశ్న వేసేవాళ్లలో తెలివి తక్కువేం కాదు, వాళ్లది ఏఐ. ఈ పరీక్ష స్కూళ్లు పెట్టే గంటన్నర ప్రవేశ పరీక్షలకంటే నమ్మదగ్గదని నా గట్టి అభిప్రాయం. ఆ పరీక్షల్లో తెలిసేది పదో తరగతి లెక్కలు గుర్తున్నాయా లేదా అన్నది మాత్రమే.

ఈ మొగ్గును గమ్యం కాగితంతో సరిచూసుకోవాలి. ఇంజినీరింగ్, భౌతికశాస్త్రం, గణితం చెప్పే విశ్వవిద్యాలయాల్లో చాలా వరకు హయ్యర్ లెవెల్ గణితాన్ని కోరతాయి. కొన్ని ఏఏ మాత్రమే చెల్లుతుందంటాయి, కొన్ని రెండింటినీ ఒప్పుకుంటాయి. ఆర్థికశాస్త్రంలోనూ పేరున్న చోట్ల ఇదే పట్టింపు. కాగితం ఏఏ హయ్యర్ అంటూ, మనసు ఏఐ అంటుంటే మార్చుకోవాల్సింది చాలాసార్లు గమ్యాన్నే. ఈ మాట తల్లిదండ్రులకు రుచించదు, అయినా చెప్పక తప్పదు. ఎటూ తేలకపోతే ఏఏలో మొదలుపెట్టండి. ఏఏ నుంచి ఏఐకి, హయ్యర్ నుంచి స్టాండర్డ్‌కు మారడం మొదటి నెలల్లో కష్టం కాదు. ఎదురు దిశలో ఎక్కడం చాలా కష్టం.

4. విజ్ఞాన శాస్త్రాల లెక్క సరిచూడండి

వైద్యవిద్య కోరేవాళ్లు ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ రాసి తెస్తారు. మామూలు డిప్లొమాలో ఇది కుదరదు. రెండు భాషలు, ఒక సామాజిక శాస్త్రం, ఒక విజ్ఞాన శాస్త్రం, గణితం పోగా మిగిలేది ఆరో గడి ఒక్కటే. అందులో కళకు బదులు రెండో విజ్ఞాన శాస్త్రం పెట్టవచ్చు, మూడోదానికి చోటుండదు. విశ్వవిద్యాలయం మూడూ అడుగుతోందని ఆధారం చూపితే ప్రత్యేక అనుమతి కోరే దారి ఉంది. అది స్కూలు ద్వారా ఐబీని అడగాల్సిన పని, కాబట్టి ముందే స్కూల్లో ఐబీ వ్యవహారాలు చూసే కోఆర్డినేటర్‌తో మాట్లాడండి. పర్యావరణ వ్యవస్థలు, సమాజాలు అన్న కోర్సు మూడో గ్రూపునూ నాలుగో గ్రూపునూ ఒక్కటే భర్తీ చేస్తుంది, దానివల్ల ఒక గడి ఖాళీ అవుతుంది. ఇది తెలిసి మురిసిపోకండి. దాన్ని విజ్ఞాన శాస్త్రంగా లెక్కించని డిగ్రీ కోర్సులున్నాయి.

5. భాషలు

మొదటి గ్రూపులో మీరు బాగా చదవగల, రాయగల భాషే ఉండాలి. మాతృభాషకు స్కూల్లో టీచరు లేకపోయినా, ఐబీ అనుమతిస్తే స్కూలు సహాయంతో సొంతంగా చదువుకునే పద్ధతిలో లిటరేచర్ స్టాండర్డ్ లెవెల్ తీసుకోవచ్చు. ఈ గ్రూపులోనే రెండు భాషలు తీసుకుని రెండింటిలోనూ కనీసం 3 తెచ్చుకుంటే బైలింగ్వల్ డిప్లొమా వస్తుంది. దీని గురించి పిల్లలకు ఎవరూ ఎందుకు చెప్పరో నాకు అంతుబట్టదు.

రెండో గ్రూపులో అసలు పరిచయం లేని భాషకు అబ్ ఇనీషియో కోర్సు, అది స్టాండర్డ్ లెవెల్‌లో మాత్రమే ఉంటుంది. కొన్నేళ్లు చదివిన భాషకు లాంగ్వేజ్ బీ. తేలిక మార్కుల కోసం వచ్చిన భాషను రాదని చెప్పి అబ్ ఇనీషియోలో కూర్చోవద్దు. మొదటి నెలలోనే దొరికిపోతారు.

6. మిగిలిన గడులు

సామాజిక శాస్త్రాల్లో ఏది తీసుకున్నా చదవడం, రాయడం తప్పవు. ఎకనామిక్స్‌లో వార్తల మీద 800 పదాలకు మించని మూడు వ్యాఖ్యానాలు రాయాలి, హిస్టరీలో 2,200 పదాల సొంత పరిశోధన ఉంటుంది. విజువల్ ఆర్ట్స్‌లో రాతపరీక్ష లేదని ఎగబడేవాళ్లకు ఒక మాట: చివర్లో పరీక్ష లేదంటే రెండేళ్లూ పని పేరుకుంటూనే ఉంటుందని అర్థం.

అప్పుడే ఎక్స్‌టెండెడ్ ఎస్సే ఏ సబ్జెక్టులో రాస్తారో కూడా అనుకోండి. 4,000 పదాల వరకు రాయాలి కాబట్టి హయ్యర్ మూడింటిలో ఒకటైతే మంచిది. దీనిలో గానీ, థియరీ ఆఫ్ నాలెడ్జ్‌లో గానీ అన్నిటికంటే కింది గ్రేడైన ‘ఈ’ (E) వస్తే మిగతావన్నీ బాగున్నా డిప్లొమా రాదు.

7. పెన్ను తీయండి

బ్లాకుల పట్టికతో మరోసారి సరిచూసి ఇప్పుడు పెన్నుతో రాయండి. ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. తరగతులు మొదలయ్యాక మార్పులకు స్కూళ్లు సాధారణంగా కొన్ని వారాలే గడువిస్తాయి, ఆ తేదీని సంతకానికి ముందే అడిగి తెలుసుకోండి.

పరీక్షలకు ఐబీ దగ్గర పేరు నమోదు చేసేది స్కూలే. నమోదయ్యాక కోఆర్డినేటర్ దగ్గర ఆ కాగితం అడిగి తీసుకుని, ప్రతి సబ్జెక్టు పక్కన లెవెల్ ఏముందో వేలు పెట్టి చదవండి. ఏఏ ఉండాల్సిన చోట ఏఐ, హయ్యర్ ఉండాల్సిన చోట స్టాండర్డ్ పడి ఉంటే ఆ రోజే చెప్పాలి. గడువు దాటాక సవరణకు అదనపు రుసుము కట్టాల్సి ఉంటుంది.