గుర్తులతో రాత – 3వ పాఠం: బోల్డ్ చేసిన మాటకి విభక్తి తగిలితే

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసం సంగతి చూద్దాం. "2014. ఆ ఏడే మా ఊరికి రోడ్డు పడింది" అన్న వాక్యాన్ని పేరా మొదట్లో పెట్టి ఏమవుతుందో చూడమన్నాను. చేసినవాళ్ళు చూసే ఉంటారు, 2014 కాస్తా జాబితాలో వరస సంఖ్య అయి కూర్చుంటుంది. పేరా మొదట్లో అంకె, చుక్క, ఖాళీ వరసగా కనిపిస్తే మార్క్‌డౌన్‌కి (గుర్తులు పెట్టి మాటల్ని బోల్డ్, జాబితా, లంకె చేసే రాత పద్ధతి) అది జాబితానే. చుక్కకి ముందు బ్యాక్‌స్లాష్ పెట్టి 2014\. అని రాస్తే మామూలు వాక్యంగా ఉండిపోతుంది. ౧, ౨ అని తెలుగు అంకెలు వేస్తే మాత్రం జాబితా రానే రాదు. దానికి 0 నుంచి 9 దాకా ఉన్న మామూలు అంకెలే తెలుసు.

ఇవాళ్టి పాఠం బోల్డ్. ఇంగ్లీషులో నేర్చుకునేవాళ్ళకి ఇది రెండు నిమిషాల పని. మనకి మాత్రం కాస్త కూర్చోవాల్సిన పని ఉంది.

గుర్తులు ఇవీ:

    **మాట**    బోల్డ్ అవుతుంది
    *మాట*     ఇటాలిక్ అవుతుంది

వాట్సాప్‌లో ఒక్క స్టార్ పెడితేనే బోల్డ్ వస్తుంది కదా, ఆ అలవాటు ఇక్కడికి తెచ్చుకోకండి. మార్క్‌డౌన్‌లో ఒక్క స్టార్ అంటే ఇటాలిక్. తెలుగుకి ఇటాలిక్ వద్దనే అంటాను. మన అచ్చులో వాలు అక్షరాల సంప్రదాయం లేదు. నోటో సాన్స్ తెలుగు లాంటి పెద్ద ఫాంటులో కూడా ఇటాలిక్ లేదు. ఫాంటులో లేనప్పుడు బ్రౌజరే నిటారు అక్షరాన్ని పట్టుకుని పక్కకి వంచుతుంది. చూడ్డానికి గాలివానకి ఒరిగిన తాటాకు పందిరిలా ఉంటుంది.

ఇక అసలు చిక్కు. ఒకసారి మా అపార్ట్‌మెంట్ సమావేశానికి నోటీసు రాసే పని నా మీద పడింది. మార్క్‌డౌన్ తెలిసినవాణ్ణి కదా అని టకటకా కొట్టేశాను:

    ఆదివారం ఉదయం 10 గంటలకి **కమ్యూనిటీ హాలు (రెండో అంతస్తు)**లో సమావేశం.

సరిచూసుకోకుండా ప్రింటు తీసి లిఫ్టులో అంటించాను. బోల్డ్ రాలేదు సరికదా, నాలుగు స్టార్లూ కాగితం మీద అలాగే దిగాయి. పై అంతస్తు పెద్దాయన దాన్ని చూసి, "ఏం బాబూ, సమావేశానికి కూడా షరతులు వర్తిస్తాయా?" అన్నారు.

అప్పుడు కూర్చుని ఒక్కొక్కటే మార్చి చూశాను. "**హాలు**లో" బాగానే వస్తోంది. "**హాలు (రెండో అంతస్తు)** లో" అని మధ్యలో ఖాళీ ఇచ్చినా వస్తోంది. బ్రాకెట్టు, దాని వెనకాలే స్టార్లు, వాటికి అంటుకుని "లో", ఈ మూడూ కలిసినప్పుడే చెడుతోంది.

కారణం ఇదీ. తెరిచే స్టార్లూ మూసే స్టార్లూ చూడ్డానికి ఒకటే. బ్రాకెట్లలా ఎడమది వేరు, కుడిది వేరు కాదు. అందుకని ఏది తెరిచేదో ఏది మూసేదో తేల్చుకోవడానికి యంత్రం వాటికి అటూ ఇటూ ఉన్న అక్షరాల్ని చూస్తుంది. మూసే స్టార్లకి ఎడమవైపు మామూలు అక్షరం ఉంటే పేచీ లేదు, కుడివైపు ఏమున్నా మూసేస్తుంది. ఎడమవైపు బ్రాకెట్టో, కొటేషనో, చుక్కో, శాతం గుర్తో ఉంటే మాత్రం దానికి అనుమానం వస్తుంది. అప్పుడు కుడివైపు ఖాళీ గానీ మరో విరామ చిహ్నం గానీ ఉండి తీరాలి. నా నోటీసులో ఎడమవైపు బ్రాకెట్టు ఉంది, కుడివైపు "లో" ఉంది. కాబట్టి అవి మూసే స్టార్లు కావని తేల్చేసింది. మూసేవి దొరక్కపోయేసరికి తెరిచినవి కూడా ఉత్త స్టార్లుగా మిగిలిపోయాయి.

ఈ నియమం పెట్టినవాళ్ళని తిట్టుకోనక్కర్లేదు. జాన్ గ్రూబర్ 2004లో మార్క్‌డౌన్ విడుదల చేసినప్పుడు ఇంత కచ్చితమైన నిబంధన లేదు. ఒక్కో ప్రోగ్రాము ఒక్కోలా అర్థం చేసుకునేది. ఒకచోట బోల్డ్ అయింది ఇంకోచోట అయ్యేది కాదు. ఆ గందరగోళం పోగొట్టడానికి 2014లో కామన్‌మార్క్ అనే ప్రమాణం వచ్చింది. దాన్ని రాయడంలో ముఖ్యుడు జాన్ మెక్‌ఫార్లేన్. అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం ప్రొఫెసరు ఆయన. స్టార్ తెరిచేదా మూసేదా అని ఇంత లోతుగా ఆలోచించడానికి అలాంటి మనిషే కావాలేమో! బోల్డ్ లోపల ఇటాలిక్, దాని లోపల బ్రాకెట్లు, ఇలా ఒకదాంట్లో ఒకటి ఇరికించి రాసినా లెక్క తప్పకూడదని ఈ ఏర్పాటు. ఇంగ్లీషులో అది చక్కగా నడుస్తుంది. వాళ్ళ విభక్తులు మాటకి ముందు, ఖాళీ ఇచ్చి, విడిగా నిలబడతాయి. మనకేమో కి, ని, లో, తో అన్నీ మాటకి తోకలా అంటుకునే ఉంటాయి. మాటల మధ్య ఖాళీలే లేని చైనీస్, జపనీస్ రాసేవాళ్ళకీ ఇదే తలనొప్పి.

మందు తేలికే. తోకని కూడా లోపలికి లాగండి:

    **కమ్యూనిటీ హాలు (రెండో అంతస్తు)లో** సమావేశం

ఇప్పుడు మూసే స్టార్లకి ఎడమవైపు అక్షరమే ఉంది కాబట్టి పేచీ లేదు. విభక్తి కూడా బోల్డ్ అయిందే అనిపించవచ్చు, కానీ చదివేవాళ్ళకి అదే హాయి. సగం లావుగా సగం సన్నగా ఉన్న మాట కంటే మొత్తం లావుగా ఉన్న మాట మీద చూపు నిలుస్తుంది. కొటేషన్లు ఉంటే వాటిని స్టార్లకి బయట పెట్టినా సరిపోతుంది. **"పాత బజారు"**కి అని కాకుండా "**పాత బజారు**"కి అని రాయండి. కొందరు "హాలు లో", "బజారు కి" అని విడగొట్టి గండం గట్టెక్కుతారు. యంత్రం కోసం తెలుగు పాడుచేసుకోవడం నాకు నచ్చదు. హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీలు రాసే గుర్తుల భాష) ట్యాగు రాసే దారి కూడా ఉంది గానీ, చాలా సైట్లు భద్రత కోసం వాటిని తీసిపారేస్తాయి.

స్టార్లకి బదులు అండర్‌స్కోర్లు కూడా వాడొచ్చని చాలా పాఠాల్లో ఉంటుంది. తెలుగులో వాడకండి. __రాము__కి అని రాస్తే బ్రాకెట్లూ కొటేషన్లూ ఏమీ లేకపోయినా బోల్డ్ రాదు. ఫైళ్ళ పేర్లలో మాటల్ని అండర్‌స్కోరుతో కలిపి రాస్తారు కదా, అవన్నీ ఇటాలిక్ అయిపోకుండా, మాట మధ్యలో వచ్చే అండర్‌స్కోర్‌ని లెక్కచేయొద్దని నియమం. "కి" అంటుకోగానే మన అండర్‌స్కోరు మాట మధ్యలోది అయిపోతుంది.

ఫోనులో రాసేవాళ్ళకి ఇంకో గోతి. కీబోర్డు పైన చూపించే మాటని నొక్కితే దాని వెనకాల ఖాళీ తనంతట తనే వచ్చి పడుతుంది. మీరు చూసుకోకుండా స్టార్లు మూస్తే "**రాము **కి" అవుతుంది. స్టార్లకి ఎడమవైపు ఖాళీ ఉంటే అవి ఎప్పటికీ మూసేవి కావు. ఒక్కసారి వెనక్కి కొట్టి ఆ ఖాళీ తీసేస్తే చాలు.

పిల్లలకి గుణింతాలు చెప్పేవాళ్ళు గుడి ఒక్కటే బోల్డ్‌లో చూపిద్దామని "క**ి**" అని రాస్తుంటారు. గుర్తుల లెక్క ప్రకారం అది తప్పు కాదు, బోల్డ్ అవుతుంది. కానీ అక్షరం విరిగిపోతుంది. క ఒకచోట, గుడి ఒకచోట అయి, గుడి కింద చుక్కలతో గీసిన సున్నా కనిపిస్తుంది. ఒత్తులదీ అదే గతి, "రాష్**ట్రం**" అని రాస్తే ష కింద ఉండాల్సిన ఒత్తు దిగొచ్చి పక్కన నిలబడుతుంది. అక్షరం మొత్తం లోపల ఉండాలి, లేదా మొత్తం బయట ఉండాలి.

ఫాంటు గురించి ఒక్క మాట. మండలి, గురజాడ, సూరన్న లాంటి అందమైన ఉచిత ఫాంట్లలో ఒక్క మామూలు మందమే ఉంది. బోల్డ్ అడిగితే బ్రౌజరు ఉన్న అక్షరాన్నే గుడ్డిగా లావు చేస్తుంది. చిన్న సైజులో ఘ, ఝ లాంటి అక్షరాల్లో సందులు పూడిపోతాయి. బోల్డ్ ఎక్కువ వాడే పేజీకి నోటో సాన్స్ తెలుగు నయం, అందులో బోల్డ్ మందం విడిగా ఉంది.

"ఇంత గొడవ ఎందుకు, బోల్డ్ బొత్తాం ఉన్న ఎడిటర్ వాడితే పోలా?" అంటారేమో. బొత్తాం నొక్కినా అడుగున మార్క్‌డౌన్‌గానే దాచుకునే ఎడిటర్లు చాలా ఉన్నాయి. రాస్తున్నప్పుడు తెర మీద అంతా బాగానే ఉంటుంది. సేవ్ చేసి మళ్ళీ తెరిస్తే స్టార్లు బయటపడవచ్చు. బ్రాకెట్టు దాకా సెలెక్ట్ చేసి "లో"ని వదిలేస్తే అడుగున తయారయ్యేది నా నోటీసే మరి.

వికీపీడియా గుర్తులకి ఈ బెడద లేదు. అక్కడ బోల్డ్ అంటే మాటకి అటూ ఇటూ మూడేసి అపాస్ట్రఫీలు. '''హాలు (రెండో అంతస్తు)'''లో అని రాస్తే కిమ్మనకుండా బోల్డ్ చేస్తుంది. లంకెల దగ్గర ఇంకా మర్యాద. తెలుగు వికీపీడియాలో [[గుంటూరు]]లో అని రాస్తే "గుంటూరులో" అన్న మాట మొత్తం లంకె అయిపోతుంది, తోకతో సహా. మాట రూపమే మారిపోయే చోట మాత్రం నిలువు గీత పెట్టి [[ఇల్లు|ఇంట్లో]] అని మనమే చెప్పాలి. మార్క్‌డౌన్ లంకెలు వచ్చే పాఠంలో.

ఈ వారం అభ్యాసం. కింది ఆరింటిలో ఏది బోల్డ్ అవుతుందో ముందు కాగితం మీద రాసుకోండి. ఆ తరువాతే కామన్‌మార్క్ సైటులో డింగస్ అని ఒక ప్రయోగ పేజీ ఉంటుంది, అక్కడ ఎడమవైపు రాసి కుడివైపు చూడండి.

    **40%**కి పైగా
    __సీత__తో
    **"పాత బస్టాండు"**కి
    **శ్రీను **కి
    **లక్ష్మి**కి
    **ఎం.ఏ.**లో

ఒక్కటే అవుతుంది. మిగతా ఐదింటినీ, తెలుగులో ఎక్కడా అనవసరపు ఖాళీ రాకుండా, సరిచేసి పెట్టుకోండి.