బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో: దూరం, ప్రయాణ సమయం లెక్కగట్టడం ఎలా?

గోడ మ్యాపు మీద స్కేలు పెట్టి దూరం కొలవకండి. గుండ్రటి భూమిని బల్లపరుపుగా పరిచిన బొమ్మ అది. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ దూరాల్ని సాగదీస్తుంది. గూగుల్ ఎర్త్‌లో రూలర్ తీసి, ఊరి నుంచి ఊరికి కాకుండా విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి గీత లాగండి. బెంగళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్లి 77.7 డిగ్రీల తూర్పు రేఖాంశం, శాన్‌ఫ్రాన్సిస్కో 122.4 డిగ్రీల పడమర. దగ్గరి వైపు నుంచి చూసినా తేడా 160 డిగ్రీలు, అంటే దాదాపు భూగోళానికి అవతలి పక్క. అందుకే అతి దగ్గరి దారి ఉత్తర ధ్రువం పక్క నుంచి పోతుంది: సుమారు 14,000 కి.మీ. 2021 జనవరిలో ఎయిరిండియా తొలి శాన్‌ఫ్రాన్సిస్కో–బెంగళూరు విమానం ధ్రువం మీదుగానే వచ్చింది.

కొన్ని సైట్లు దూరాన్ని మైళ్లలో చూపిస్తాయి. మామూలు మైలయితే 1.609తో, విమానాలు, ఓడల లెక్కల్లో వాడే నాటికల్ మైలయితే 1.852తో గుణించాలి. ఇక్కడ పొరబడితే రెండు వేల కి.మీ. తేడా వస్తుంది.

విమానం గంటకు సుమారు 900 కి.మీ. పోతుంది కాబట్టి దూరాన్ని 900తో భాగించి, విమానం రన్‌వే దాకా పోవడానికి, పైకి లేవడానికి, కిందికి దిగడానికి అరగంట కలపండి. మనకు 16 గంటలు వస్తుంది. దీనికి గాలి అటో ఇటో ఓ గంట మారుస్తుంది. జెట్ స్ట్రీమ్ అనే పైఎత్తు గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది, చలికాలంలో మరీ జోరుగా. అందుకే పైలట్లు కొన్నిసార్లు దగ్గరి దారి వదిలి, పసిఫిక్ మీదుగా గాలివాటున పోతారు.

అసలు తికమక టికెట్ మీద. రెండు టైములూ ఏ ఊరివి ఆ ఊరివే. మధ్యాహ్నం 2:00కి బయలుదేరి అదే రోజు సాయంత్రం 5:30కి దిగుతారని ఉందనుకోండి. మూడున్నర గంటలని మురిసిపోకండి. చలికాలంలో మనం వాళ్లకంటే 13:30 గంటలు ముందుంటాం. అది కలిపితే 17 గంటలు. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా అక్కడ గడియారం గంట ముందుకు జరుపుతారు, తేడా 12:30. అప్పుడు అవే అంకెలకు 16 గంటలే. తిరుగు టికెట్‌లో టైము పక్కన +1, +2 (దిగేది ఒకటి, రెండు రోజుల తర్వాతి తేదీన అని) ఉంటే తప్పకుండా చూసుకోండి. ఎయిర్‌పోర్టుకు కారు పంపేవాళ్లు ఒకరోజు ముందే వచ్చి నిలబడేది ఇక్కడే.

దుబాయ్ మీదుగా వెళ్తే దూరం 1,700 కి.మీ. మాత్రమే పెరుగుతుంది. గాల్లో ఇరవై గంటలు, మధ్యలో ఆగే మూడు నాలుగు గంటలు కలిపి ప్రయాణం ఒక రోజు పడుతుంది.

విమానం బయలుదేరడానికి మూడు గంటల ముందే చెక్-ఇన్‌కు చేరాలి. ఎలక్ట్రానిక్ సిటీ నుంచి సాయంత్రం పూటైతే దారికే రెండున్నర గంటలు పెట్టుకోండి. అనంతపురం నుంచి వచ్చేవాళ్లు బెంగళూరు నడిబొడ్డున ఉన్న మెజెస్టిక్ దాకా వెళ్లి వెనక్కి రానక్కర్లేదు. హైవే మీద దేవనహళ్లే ముందొస్తుంది. చిత్తూరు వైపు నుంచైతే హోస్కోటె దగ్గర తిరగండి.