వుదరింగ్ హైట్స్: కిటికీల వెంట నడుస్తూ చదవండి

డిగ్రీ పిల్లలకు ఇంగ్లిష్ సాహిత్యం చెబుతాను. వుదరింగ్ హైట్స్ మీద జవాబులు దిద్దుతుంటే ఎక్కువగా కనిపించేది ఒకటే: "హీత్‌క్లిఫ్ క్రూరుడు, నవల ఇతివృత్తం ప్రతీకారం." తప్పు కాదు. కానీ ఆ మాట గైడ్ చూసి కూడా రాయొచ్చు. నవల చదివినవాళ్లే రాయగల మాట ఎలా దొరుకుతుందో చెబుతాను.

ఎమిలీ బ్రాంటీ 1847లో ఎల్లిస్ బెల్ అనే మారుపేరుతో తెచ్చిన ఈ నవలలో పేర్ల దగ్గరే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. తల్లీకూతుళ్లిద్దరూ కేథరినే. లింటన్ ఒకచోట ఇంటిపేరు, ఇంకోచోట పిల్లాడి పేరు. అందుకే ముందు ఒక కాగితం మీద రెండు కుటుంబాల వంశవృక్షం గీసి పుస్తకంలో పెట్టుకోండి.

ప్రతి సన్నివేశం పక్కన అది ఎవరు చెబుతున్నారో పెన్సిల్‌తో రాయండి. అద్దెకు దిగిన లాక్‌వుడ్‌కి ఈ కథ చెప్పేది పనిమనిషి నెల్లీ డీన్. ఆమె ఊరికే చూస్తూ నిలబడ్డ మనిషి కాదు. 9వ అధ్యాయంలో, తమ ఇంట్లో పెరిగిన అనాథ హీత్‌క్లిఫ్‌ని పెళ్లాడితే తన పరువు పోతుందని తల్లి కేథరిన్ అంటుంది. అది విని అతను లేచి వెళ్లిపోవడం నెల్లీ చూస్తుంది, కానీ వెంటనే చెప్పదు. ఆ తర్వాత కేథరిన్ "నేనే హీత్‌క్లిఫ్" అన్నది అతని చెవిన పడనే లేదు.

పాత్ర గురించి రాసేటప్పుడు విశేషణాలు వద్దు, చేసిన పనులు ఏరండి. అదే అధ్యాయంలో కేథరిన్ అన్న హిండ్లీ, హీత్‌క్లిఫ్‌ని చిన్నప్పటి నుంచీ హింసించినవాడు, తాగి ఉంటాడు. అతని చేతుల్లోంచి పసివాడైన కొడుకు హేర్టన్ మేడమెట్ల పైనుంచి జారిపోతాడు. సరిగ్గా అప్పుడే కిందకు వచ్చిన హీత్‌క్లిఫ్ ఆలోచించకుండానే పట్టేసుకుంటాడు. తల ఎత్తి పైన హిండ్లీని చూడగానే అతని ముఖం మారిపోతుంది. పగ తీరే అవకాశాన్ని తన చేతులతోనే పాడుచేసుకున్నానన్న బాధ అది. చేతులు బిడ్డను కాపాడాయి, మనసు దానికి ఏడ్చింది. ఈ రెండూ పక్కపక్కన రాసుకుంటే "క్రూరుడు" అన్న మాట సరిపోదని మీకే తెలుస్తుంది. అయితే ఆ ముఖాన్ని చదివి మనకు చెప్పింది నెల్లీ. ఆ సంగతీ పక్కన రాయండి.

ఇక ఇతివృత్తం. దాన్ని నేరుగా వెతక్కండి, ఒక వస్తువును పట్టుకోండి. నా పిల్లలకు నేను ఇచ్చేది తలుపులూ కిటికీలూ. మొదటి అధ్యాయాల్లో వుదరింగ్ హైట్స్ అనే ఆ ఇంటి గేటుకి గొలుసు ఉంటుంది. 3వ అధ్యాయంలో లాక్‌వుడ్ కలలో, లోపలికి రానివ్వమని ఏడుస్తున్న ఒక చిన్నపిల్ల చేతిని పగిలిన అద్దం మీద రుద్దుతాడు. రక్తం కారి పక్కబట్టలు తడిసిపోతాయి. ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు గగుర్పొడిచే చోటు అది. 32వ అధ్యాయానికి వెళ్లండి: అదే లాక్‌వుడ్ చెయ్యి వేయగానే గేటు తెరుచుకుంటుంది, తలుపులూ కిటికీలూ తీసే ఉన్నాయి, లోపల కూతురు కేథరిన్ హేర్టన్‌కి చదవడం నేర్పుతోంది. ఎవరు తెరిచారు, ఎందుకు ఇన్నాళ్లు పట్టింది? మీ జవాబు ఆ ప్రశ్నతో మొదలవనివ్వండి.

34వ అధ్యాయం మాత్రం మళ్లీ మెల్లగా చదవండి. లాక్‌వుడ్ పడుకున్న ఆ మంచం మీదే హీత్‌క్లిఫ్ చనిపోయి ఉంటాడు. కిటికీ బార్లా తెరిచి ఉంది, ఒళ్లంతా వానకు తడిసింది. కొట్టుకుంటున్న కిటికీ రెక్క అతని చేతిని గీరింది. చర్మం తెగింది కానీ ఈసారి రక్తం రాలేదు.