అవతార్ బట్టల అంచుల్లో తెల్లగీత రాకుండా ట్రాన్స్‌పరెంట్ చేయడం

సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ త్రీడీ ప్రపంచంలో నేను చేసిన మొదటి నల్ల చొక్కాకి చేతుల్లేవు, మెడ కాస్త లోతు. బొమ్మలు గీసే గింప్ ప్రోగ్రాంలో చూస్తే అంచులు కత్తెరతో కోసినంత శుభ్రంగా ఉన్నాయి. తీరా అవతార్‌కి (ఆ ప్రపంచంలో మన బొమ్మకి) తొడిగాక మెడ చుట్టూ, చంకల దగ్గర సన్నటి తెల్లదారం అంటించినట్టు ఒక గీత. ఇరేజర్ అంచు మెత్తగా పెట్టి చూశాను, గట్టిగా పెట్టి చూశాను, గీత మాత్రం కదల్లేదు. ఎందుకంటే లోపం ఉన్నది అంచులో కాదు, అంచు దాటాక కంటికి కనిపించని చోట.

ప్రతి పిక్సెల్‌లో నాలుగు అంకెలుంటాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, నాలుగోది ఆల్ఫా, అన్నీ 0 నుంచి 255 దాకా. ఆల్ఫా 0 అయితే ఆ పిక్సెల్ కనిపించదు, కానీ దాని రంగు అంకెలు మూడూ ఫైల్‌లో అలాగే ఉంటాయి. టెక్స్చర్‌ని (అవతార్ మీద చుట్టే బొమ్మని) దగ్గర నుంచో దూరం నుంచో చూపించేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు పక్కపక్క పిక్సెళ్లని కలిపి సగటు తీస్తుంది, ఆ సగటులోకి కనిపించని పిక్సెల్ రంగు కూడా వచ్చి చేరుతుంది. అక్కడ తెలుపు ఉంటే తెల్లగీత, నలుపు ఉంటే నల్లగీత. తెల్ల బట్టకి తెల్లగీత వచ్చినా ఎవరికీ తెలియదు, అందుకే చాలామందికి ఈ సమస్య ముదురు రంగు బట్ట చేసినప్పుడే మొదటిసారి ఎదురవుతుంది.

కాబట్టి ఇరేజర్ పక్కన పెట్టండి. రంగుని చెరపకూడదు, ఆల్ఫాని మాత్రమే మార్చాలి. మొత్తం పనికి కీలకం ఇదే.

1024 బై 1024 పిక్సెళ్ల సైజులో టెంప్లేట్ (అవతార్ ఒంటి భాగాల గీతలున్న నమూనా బొమ్మ) తెరవండి (చిన్న బట్టలకి 512 చాలు). బట్ట రంగు, కుట్లు, ముడతలు అన్నీ వేసేటప్పుడు మెడ గీత దగ్గరో చేతి చివరో ఆగిపోకుండా బట్టని బయటికి బాగా లాగి వేయండి. అన్నిటికన్నా కింద ఇంకో లేయర్ (పొర) పెట్టి దాన్ని బట్ట రంగుతోనే పూర్తిగా నింపేయండి. పూలు, చారలు ఉన్న బట్ట అయితే ఒకే రంగు సరిపోదు. అప్పుడు బట్ట లేయర్‌కి కాపీ తీసి, బ్లర్ చేసి, ఆ బ్లర్ అయినదాన్ని నాలుగైదు సార్లు డూప్లికేట్ చేసి అసలు బట్ట కిందకి తోసేయండి. అంచు దగ్గరున్న రంగు దానంతటదే బయటికి పాకుతుంది, ఏ పువ్వు పక్కన ఆ పువ్వు రంగే ఉంటుంది.

ఇప్పుడు టెంప్లేట్ గీతల లేయర్ తీసేసి మిగతావన్నీ ఒకే లేయర్‌గా కలపండి. కలిపాకే మాస్క్ (ఎక్కడ ఎంత కనిపించాలో చెప్పే నలుపు తెలుపు బొమ్మ) వేయాలి, ఈ వరస తప్పొద్దు. ముందే మాస్క్ వేసి తర్వాత లేయర్లు కలిపితే కనిపించని చోట దాచుకున్న రంగు పోయే ప్రమాదం ఉంది. లేయర్ మెనూలో యాడ్ లేయర్ మాస్క్ నొక్కి తెలుపుతో మొదలుపెట్టండి, బట్ట ఉండకూడని చోట నలుపు పూయండి. తెలుపు అంటే బట్ట, నలుపు అంటే ఒళ్లు, మధ్యలో ఉన్న బూడిద రంగులన్నీ పల్చటి బట్ట. ఫోటోషాప్‌లో అయితే ఛానెల్స్ ప్యానెల్‌లో కొత్త ఆల్ఫా ఛానెల్ తీసుకుని అందులో ఇదే పని చేయాలి.

నాకు బాగా ఇష్టమైన భాగం పల్చటి బట్ట. చాలామంది మొత్తం ఒకే బూడిద రంగు నింపి వదిలేస్తారు, చూస్తే బట్టలా ఉండదు, ఒంటికి రంగు అద్దం అతికించినట్టు ఉంటుంది. నిజం బట్ట ఎలా ఉంటుందో చూడండి, ముడత పడిన చోట రెండు మూడు పొరలు ఒకదాని మీద ఒకటి పడి ఒళ్లు తక్కువ కనిపిస్తుంది, బిగుతుగా సాగిన చోట ఎక్కువ కనిపిస్తుంది. అందుకని మాస్క్‌లో 110 దగ్గర బూడిద రంగుతో (0 నలుపు, 255 తెలుపు) మొదలుపెట్టి, ముడతల వెంట మెత్తటి బ్రష్‌తో 170 దాకా తెలుపు పెంచండి, అంచు మడత కుట్టు దగ్గర ఇంచుమించు తెలుపే ఉంచండి. లేస్ అయితే దారం తెలుపు, రంధ్రం పూర్తి నలుపు, వెనకున్న నెట్ బూడిద. ముందు భాగం, వెనక భాగం టెంప్లేట్‌లో వేరువేరు ముక్కలుగా ఉంటాయి కాబట్టి పక్క కుట్టు దగ్గర రెండిట్లోనూ బూడిద ఒకటే ఉండాలి, లేకపోతే నడుము పక్కన బట్ట తెగినట్టు కనిపిస్తుంది.

సేవ్ చేసేటప్పుడు గింప్‌లో మాస్క్‌ని అప్లై చేసి టీజీఏగా (దీన్నే టార్గా అంటారు) ఎక్స్‌పోర్ట్ చేయండి. పీఎన్‌జీ కావాలంటే ట్రాన్స్‌పరెంట్ పిక్సెళ్ల రంగుని ఫైల్‌లో అలాగే ఉంచే ఆప్షన్‌కి టిక్ పెట్టండి. ఫోటోషాప్‌లో నేను 32 బిట్ (ఆల్ఫా ఉన్న) టార్గా తప్ప ఇంకేదీ వాడను, అక్కడి పీఎన్‌జీలో కనిపించని చోట తెలుపు వచ్చి కూర్చుంటుంది. ట్రాన్స్‌పరెన్సీ అసలు లేని బట్టని మాత్రం 24 బిట్‌లోనే (ఆల్ఫా లేకుండా) సేవ్ చేయండి. ఆల్ఫా ఛానెల్ ఊరికే ఉన్నా వ్యూయర్ (సెకండ్ లైఫ్‌ని చూపించే ప్రోగ్రాం) దాన్ని ట్రాన్స్‌పరెంట్ కిందే లెక్కేయొచ్చు, అప్పుడు జుట్టు వెనకకి పోవడం, లేస్ ముందుకి రావడం, కెమెరా తిప్పినప్పుడల్లా రెండూ కొట్టుకోవడం మొదలవుతుంది. అనుమానం వస్తే వ్యూయర్‌లో కంట్రోల్, ఆల్ట్, టీ కలిపి నొక్కండి, ట్రాన్స్‌పరెంట్‌గా లెక్కేస్తున్నవి ఎర్రగా కనిపిస్తాయి. మెష్ బట్టకి (విడిగా త్రీడీ ఆకారంగా చేసిన బట్టకి) ఈ కొట్లాట వస్తే ఎడిట్‌లో ఆల్ఫా మోడ్‌ని బ్లెండింగ్ నుంచి మాస్కింగ్‌కి మార్చండి. మాస్కింగ్‌లో సగం సగం ఉండదు, కనిపిస్తే పూర్తిగా, లేకపోతే అసలు లేదు. లేస్ రంధ్రాలకి బాగుంటుంది, పల్చటి బట్టకి పనికిరాదు.

డబ్బు పెట్టి అప్‌లోడ్ చేసేముందు టెక్స్చర్ ఎంచుకునే చోట లోకల్ అని ఉంటుంది, మీ ఫైల్‌ని అక్కడ జోడించండి. మీకొక్కరికే కనిపిస్తుంది, గింప్‌లో మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసిన ప్రతిసారీ ఒంటి మీద బట్ట కూడా మారిపోతుంది. అలా తొడిగి, దగ్గర నుంచి ఒకసారి, కెమెరా బాగా వెనక్కి లాగి ఇంకోసారి చూడండి, వ్యూయర్‌లో సమయం అర్ధరాత్రికి మార్చి కూడా చూడండి. పగటి వెలుగులో దాక్కున్న తెల్లగీత చీకట్లో ముందు బయటపడుతుంది.